బాలింత మాట

గడియ పడిన చప్పుడుకి వంటింట్లో ఉన్న అత్తగారు కూడా ఉలిక్కిపడింది.

పెద్దకోడలు మాత్రం కదల్లేదు. ముందుగదిలో కిటికీ పక్కన, చేతుల్లో పాప లేకపోయినా చేతులు అలాగే మడిచి పెట్టుకుని నిలబడిపోయింది. అప్పుడే లాక్కుపోయిన బిడ్డ వెచ్చదనం మోచేతి మడతలో ఇంకా తగ్గలేదు. వెళ్తూ వెళ్తూ చిన్నకోడలు అన్న మాట చెవుల్లోంచి పోలేదు.

"కన్నవాళ్ళకి తెలుస్తుంది లెండి అక్కా, పిల్లకి ఎలా ఉందో."

అంతే అంది. గొంతు కూడా పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది పెద్దకోడలికి. కోపంలో అన్న మాటైతే కోపంతోపాటు పోతుంది.

ఆ వీధిలో అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు. ప్రసూతి ఆసుపత్రిలో బాలింతల వార్డు ఆమెది. పురుడయిన దగ్గర్నుంచి తల్లీబిడ్డలు క్షేమంగా ఇంటికి వెళ్ళేదాకా వాళ్ళ మంచీచెడ్డా చూడటం ఆమె ఉద్యోగం. పాలు పట్టడం రాక ఏడ్చే తల్లుల పక్కన కూర్చుని, ఎంతమంది పసివాళ్ళ నోటికి మొదటి గుటక అందించిందో ఆమెకే గుర్తులేదు. తన కడుపు మాత్రం పండలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. చిన్నకోడలు కూడా ఈరోజు దాకా ఎత్తలేదు.

అత్తగారు చేతిలో గరిటెతోనే వచ్చింది.

"మళ్ళీ ఏమైంది?"

"ఏం కాలేదు అత్తయ్యా. పాపని వెలుతురులో చూద్దామని కిటికీ దగ్గరికి తెచ్చాను. తనకి నచ్చలేదు."

"నిన్న కూడా నచ్చలేదుగా! మళ్ళీ ఎందుకు తెచ్చావు?"

"కళ్ళు పచ్చబడ్డాయి. పొద్దున్నించీ గట్టిగా పాలు తాగింది లేదు. అరికాలు గోకినా లేవడం లేదు. ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్తే…"

"పసిగుడ్డు నిద్రపోక ఏం చేస్తుంది, పేపరు చదువుతుందా? నీ మొగుడూ అంతే. పుట్టినప్పుడు లేపినా లేచేవాడు కాదు. ఆ నిద్ర ఇప్పటికీ వదల్లేదు."

మరో రోజైతే, 'ఆయన బస్సు నడుపుతారు అత్తయ్యా, ఈ మాట బయట అనకండి' అని నవ్వించేది. ఈరోజు నవ్వు రాలేదు. భర్త డ్యూటీలో ఉన్నాడు. ఎప్పుడో సాయంత్రానికి గాని దిగడు. ఉండుంటే మాత్రం ఏం చేసేవాడు? తమ్ముడి సంసారంలో వేలు పెట్టకు అని మెల్లగా చెప్పేవాడు.

"నీ భయం నీది. కాదనను," అత్తగారి గొంతు కాస్త తగ్గింది. "కానీ అమ్మాయ్, అది పచ్చి బాలింత. వాళ్ళమ్మ కాలు విరిగి మంచం మీద ఉండబట్టి పురుడు మన చేతుల్లో పడింది. లేకపోతే హాయిగా తల్లి దగ్గరుండేది. నువ్వు వచ్చి పిల్ల కళ్ళు చూసి, గోళ్ళు చూసి, నాలుక చూసి మొహం అలా పెడితే దాని ప్రాణం ఎలా ఉంటుంది చెప్పు?"

"నేను మొహం ఎలా పెట్టాను?"

అత్తగారు గరిటెతో మూసిన తలుపు వైపు చూపించింది.

ఇంతలో మరిది వచ్చాడు. సగం గడ్డానికి సబ్బు నురగ, మెడ మీద తువ్వాలు. మూసిన తలుపు వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, చివరికి ఎటు మొగ్గాలో తెలియక వదిన దగ్గరికే వచ్చాడు. అతనికి కూడలిలో ఫోటో స్టూడియో ఉంది. పాప పుట్టినప్పటి నుంచీ దానికి తాళమే.

"వదినా, పచ్చగా ఏం లేదండీ. నా మాట వినండి. అది లైటింగు."

"లైటింగేమిటయ్యా?"

"ఆ కర్టెను చూడండి, ఏం రంగో. దాని కింద నిలబెడితే మా అమ్మకీ కామెర్లున్నట్టే కనిపిస్తాయి." నురగ అంటిన చేతిని తువ్వాలుకి తుడుచుకుని ఫోను తీశాడు. "రంగుల సంగతి నాకొదిలేయండి. నా అన్నమే అది. ఇదిగో, ఇది ఆసుపత్రిలో తీసింది. ఇది ఇంటికొచ్చిన రోజు. ఇది మొన్న. ఇది నిన్న పొద్దున. తేడా ఏమన్నా ఉందా?"

ఆమె ఫోను అందుకుంది. పాప, పాప, పాప. ఆవలిస్తున్న పాప, పిడికిలి మూసిన పాప, టోపీ కళ్ళ మీదికి జారిన పాప. మరిది అన్నట్టు, ఫోటోలో రంగు తేల్చి చెప్పడం కష్టమే. ఒకటి వెనక్కి, రెండు ముందుకి జరుపుతూ చూస్తోంది.

వేలు ఒకచోట ఆగిపోయింది.

ఆసుపత్రిలో తీసిన ఫోటోలో పాప తల కింద ఒక చెయ్యి ఉంది. సన్నటి వేళ్ళు, ఉంగరం వదులుగా పక్కకి తిరిగి ఉంది. నిన్నటి ఫోటోలో కూడా పాప తల కింద చెయ్యి ఉంది. ఉంగరం లేదు. వేళ్ళ కణుపులు కూడా కనిపించడం లేదు, ఊదినట్టున్నాయి. ఆ పైన, అంచులో, సగం మొహం పడింది. రెప్పలు బరువుగా వాచి, చెంప నున్నగా మెరుస్తోంది. అది ఎవరి మొహమో ఆమె ఒక్క క్షణం పోల్చుకోలేకపోయింది.

"తన మొహం ఇలా ఉందేమిటి?"

"నిద్ర లేదుగా వదినా. ఉబ్బింది. అందుకే తను రాకుండా కట్ చేద్దామనుకున్నా."

"ఉంగరం ఏది?"

"బిగుసుకుపోయిందని నేనే సబ్బు రాసి తీశాను," అంది అత్తగారు. "నీరు పట్టింది. బాలింతలకి మామూలే, అదే పోతుంది."

పెద్దకోడలు ఫోను మరిదికిచ్చేసింది.

"అత్తయ్యా, తలనొప్పి అని ఏమన్నా అందా?"

"మొన్నట్నుంచీ అంటూనే ఉంది. మాత్ర ఇచ్చాను. తగ్గిందా అంటే తగ్గిందంటుంది, మళ్ళీ కాసేపటికి తల పట్టుకుంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా?" అంది అత్తగారు.

అడగలేదు.

ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం, అలవాటు కొద్దీ చిన్నకోడలి పొట్ట మీద చెయ్యి వేసి చూడబోయింది. ఆ పిల్ల చీర కొంగు లాక్కుని, "ఇంట్లో కూడా డ్యూటీయేనా అక్కా?" అని నవ్వింది. నవ్వుతూనే అంది. కానీ అది మనసులో ముల్లులా దిగింది. అప్పటినుంచీ, అడక్కుండా చెప్పేది లేదు, పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళేది లేదు అనుకుంది. అది మర్యాద అని తనకు తాను నచ్చజెప్పుకుంది. మనసు ఊరుకోక మాటిమాటికీ పాపని చూసేది. తల్లిని మాత్రం చూడలేదు.

మూసిన తలుపు దగ్గరికి వెళ్ళి మెల్లగా వేలితో తట్టింది.

"అమ్మాయ్."

లోపల అలికిడి లేదు.

"ఒకసారి తలుపు తియ్యమ్మా."

"పాప పడుకుంది." గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది.

"పడుకోనీ. పాపని తీసుకెళ్ళను. ముట్టుకోను కూడా."

"మరెందుకు?"

"నిన్ను చూడాలి."

మరిది ఏదో అనబోతే వదిన వేలు అడ్డంగా ఊపింది.

"నీ తల ఎలా ఉంది?"

తలుపు అవతల ఊపిరి ఒక్కసారి గట్టిగా పీల్చుకున్న చప్పుడు. తర్వాత ఏడుపు. ఓపిక లేక, చప్పుడు కూడా సరిగ్గా బయటికి రాని ఏడుపు.

"పగిలిపోతోందక్కా."

"కళ్ళ ముందు ఏమన్నా తేడాగా ఉందా?"

"మెరుపుల్లాగా… చుక్కలు. కిటికీ తెరిస్తే సూదులు గుచ్చినట్టుంది. మీరు పాపని ఆ వెలుతురులోకి పట్టుకెళ్ళిపోయారు. అక్కడిదాకా రావడానికి నాకు… గోడ పట్టుకుని వచ్చాను. ఆ కోపంలో ఏదో అన్నాను."

"అన్నావులే. అది తర్వాత చూసుకుందాం. పొట్టలో నొప్పి ఉందా?"

"పైన. పక్కటెముకల కింద."

పురుడయిపోయింది కదా, గండం గడిచింది కదా అనుకున్న తర్వాత వచ్చే రక్తపోటు ఇది. తలనొప్పితో మొదలై, పట్టించుకోకపోతే ఫిట్స్ దాకా పోతుంది. ఇంటికెళ్ళే ప్రతి తల్లికీ, తల్లితో వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఈ మాటలే చెప్పి పంపుతుంది ఆమె. తన ఇంటికి వచ్చిన బాలింతకి ఆసుపత్రిలోనే ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అనుకుంది.

"గడియ తియ్యగలవా?"

"లేస్తే తిరుగుతోంది."

"పాప ఎక్కడుంది?"

"ఒళ్ళో."

ఒళ్ళో. ఫిట్స్ వస్తే ఆ ఒడి ఏమవుతుందో, ఆ చేతులు ఏమవుతాయో ఆమెకి తెలుసు. మరిది భుజం తలుపుకి ఆనించి తోయబోయాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"వద్దు. పెద్ద చప్పుడు చెయ్యకూడదు. దానికి మంచిది కాదు."

"మరి ఎలా వదినా?" అతని సగం మొహం మీద నురగ ఎండి చారలు కట్టింది.

ఆమె తలుపుకి నుదురు ఆనించింది. "అమ్మాయ్, వినపడుతోందా? పాపని మంచం మధ్యలో పడుకోబెట్టు. అటూ ఇటూ దిండ్లు పెట్టు. పెట్టావా?"

"ఊఁ."

"ఇప్పుడు నేల మీద కూర్చో. నిలబడకు. కూర్చునే రా. తొందరేం లేదు. నేనిక్కడే ఉన్నాను."

బట్టలు నేల మీద ఒరుసుకున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ వినిపించింది. మళ్ళీ ఆగింది. ఈసారి ఎంతకీ కదలిక లేదు. అత్తగారు గరిటె రెండు చేతులతో గుండెకి హత్తుకుని నిలబడింది, అందులోంచి చుక్కలు చీర మీద పడుతున్నా చూసుకోకుండా.

"అక్కా…"

"ఇక్కడే ఉన్నానమ్మా. చెయ్యి పైకి చాపు. గడియ నీ నెత్తి మీదే ఉంది."

గడియ లాగిన చప్పుడు వినగానే పెద్దకోడలు తలుపు విసురుగా తొయ్యలేదు. సందులోంచి చెయ్యి దూర్చి ముందు ఆ పిల్ల భుజం పట్టుకుంది.

మామగారు బతికుండగా వాడిన బీపీ మిషను బీరువా అడుగున ఉంది. పట్టీ చుట్టి చూసింది. అంకెలు నమ్మబుద్ధి కాలేదు. పట్టీ విప్పి, రెండో చేతికి చుట్టి మళ్ళీ చూసింది.

"ఎంత ఉంది వదినా?"

"ఎక్కువుంది."

"ఎంత ఎక్కువ?"

"కారు పిలిపించు," అంది.

కారులో పాప అత్తగారి ఒళ్ళో ఉంది. పెద్దకోడలు చిన్నకోడల్ని పక్కకి తిప్పి తన మీద వాల్చుకుంది, కళ్ళ మీద తడిగుడ్డ కప్పింది. ముందు సీట్లో మరిది, "కొంచెం పోనివ్వండి, హారను కొట్టండి," అంటుంటే, "హారను వద్దు, నెమ్మదిగా అయినా ఆగకుండా పోనివ్వండి," అంది వెనక నుంచి. ఆ మాట తను వార్డులో మాట్లాడే గొంతుతోనే అంది. ఒళ్ళో ఉన్న మనిషి వేళ్ళు ఎక్కడ బిగుసుకుంటాయోనని ఆ వేళ్ళే చూస్తూ కూర్చుంది. దారి పొడుగునా పాప వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

వార్డులో పెద్ద సిస్టరు డ్యూటీలో ఉంది. సిస్టరమ్మకి పని నేర్పిన మనిషి. స్ట్రెచరు మీద ఎవరున్నారో చూడకముందే చేతులు పనిలోకి దిగాయి.

"తలనొప్పి ఎప్పట్నుంచి?"

సిస్టరమ్మ నోరు తెరిచి, అత్తగారి వైపు చూసింది.

"మొన్న పొద్దున్నించి," అంది అత్తగారు.

"వాపు?"

"అంతకుముందు నుంచే."

"ఒంటికి సరిగ్గా పోతోందా, తగ్గిందా?"

దానికీ అత్తగారే జవాబు చెప్పింది. పెద్ద సిస్టరు ఇంజెక్షను సిద్ధం చేస్తూ తలెత్తి ఒక్కసారి చూసింది.

"నువ్వూ ఆ ఇంట్లోనే కదా ఉండేది?"

మాటల్లో నింద లేదు. తెలుసుకోవడానికి అడిగినట్టే ఉంది. సిస్టరమ్మ తల ఊపింది.

"సరే. నువ్వు అటు జరుగు. ఈరోజుకి నువ్వు బంధువువి."

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఎక్కడ నిలబడాలో తెలియకపోవడం ఆమెకి అదే మొదటిసారి. సామాన్ల బల్ల పక్కన నుంచుంటే ఒక పిల్ల నర్సు, "జరగండి సిస్టర్," అంది. మంచం తల దగ్గరికి పోతే డాక్టరమ్మ అక్కడికే వచ్చింది. చివరికి గోడకి ఆనుకుని, చేతులు ఏం చెయ్యాలో తెలియక కొంగు కొస మెలిపెడుతూ నిలబడింది.

"ఫిట్స్ రాకుండా మందు ఇస్తున్నాం," అంది డాక్టరమ్మ. "బీపీ దిగాలి. ఇప్పుడే ఏమీ చెప్పలేను. ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేది. అలాగని మరీ ఆలస్యం కాలేదు."

పాప రక్తం కూడా తీశారు. ఆ ఫలితం తొందరగానే వచ్చింది. కామెర్లు ఉన్నాయి గానీ భయపడేంత లేవు. పాలు సరిగ్గా పడితే వాటంతటవే తగ్గుతాయన్నారు. పొద్దున్నించీ దేనికోసం ఇంట్లో అంత రభస అయిందో అది ఇంత చిన్న మాటతో తేలిపోయింది.

వరండాలో మరిది బెంచీ మీద కూర్చుని ఫోనులో ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి జరుపుతున్నాడు.

"రోజుకి ఎన్ని తీశానో చూడండి వదినా," అన్నాడు. "దీంట్లో తను పూర్తిగా కనిపించే ఫోటో ఒక్కటి లేదు."

ఆమె అతని పక్కన కూర్చుంది.

సాయంత్రం వెలుగు ఇంకా కిటికీల మీద ఉండగానే పెద్ద సిస్టరు లోపలికి పిలిచింది. "బంధువు డ్యూటీ చాలు. పిల్లకి ఆకలేస్తోంది. తల్లి లేచే స్థితిలో లేదు. నీ పని నువ్వు చూసుకో."

అత్తగారు పాపని ఎత్తుకుని మంచం పక్కనే ఉంది. "డబ్బా పాలు పట్టేద్దామా అమ్మాయ్?"

"తల్లి దగ్గర ఉన్నాయి అత్తయ్యా. పాపం, అవి గడ్డకట్టి అదో బాధ."

చిన్నకోడలి మొహం మందు వేడికి ఎర్రగా కందింది. కళ్ళు సగం మూతలు పడుతున్నాయి. పెద్దకోడలు ముందుగా చేతులు కడుక్కుంది, వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండింది, మంచం అంచున కూర్చుంది. కూర్చుని, వెంటనే చెయ్యి వెయ్యలేదు.

"పాలు తియ్యాలి. నేను తియ్యనా?"

ఆ పిల్ల రెప్పలు కష్టంగా ఎత్తింది. కొంగు తనే పక్కకి జరుపుకుంది.

వెచ్చటి గుడ్డతో కాసేపు కాపడం పెట్టి, వేళ్ళతో వెనక నుంచి ముందుకి మెల్లగా నొక్కింది. మొదట ఏమీ రాలేదు. చిన్నకోడలు పళ్ళు బిగబట్టింది. "వస్తాయి, వస్తాయి," అంటూ మళ్ళీ నొక్కింది. ఒక చుక్క వచ్చింది. ఇంకో చుక్క. తర్వాత సన్నటి ధార గిన్నె అంచుకి తగిలి చప్పుడు చేసింది. అది విని బాలింత పెదవులు ఒణికాయి. నొప్పి తగ్గినందుకో, మరెందుకో.

చెంచాతో పాప కింది పెదవికి తాకిస్తే, నిద్రలోనే నాలుక ముందుకొచ్చింది. గుటక. ఇంకో చెంచా. ఇంకో గుటక. నాలుగు చెంచాలయ్యేసరికి పాప కళ్ళు తెరిచి, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు అన్నట్టు చూసి, కెవ్వుమంది.

"అమ్మయ్య! గొంతుందే దీనికి," అంది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ.

పాప కడుపు నిండి పడుకున్నాక, ఆమె చిన్నకోడలి కొంగు సర్ది, దిండు సరిచేసింది. ఆ పిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టు బలంగా లేదు. నాలుక మందుకి మొద్దుబారింది.

"అక్కా, నేను బతుకుతానా?"

"బతకక?"

"నిజం చెప్పండి."

"బీపీ దిగుతోంది. నేనే చూశాను."

"నాకేమన్నా అయితే…" మాట ఆగింది. పెదవులు తడుపుకుంది. "పాపని మా అ…"

"నేను పెంచుకుంటాను," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఆమె కళ్ళలోకి చూసింది. ఇంకా ఏదో చెప్పాలన్నట్టు పెదవులు కదిలాయి. అంతలో మందు మత్తు కమ్మేసింది. మణికట్టు మీద వేళ్ళు వదులయ్యాయి.

మంచం చివర పాప గుడ్డలు మడత పెడుతున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి.

వరండాలోకి వచ్చాక గాని ఆవిడ నోరు విప్పలేదు.

"అలాంటి మాటకి ఎవరైనా, 'ఛ, అవేం మాటలు, నోర్ముయ్,' అంటారు."

"తెలుసు అత్తయ్యా."

"వార్డులో అందరికీ అదే చెప్తావుగా?"

"చెప్తాను."

"మరి?"

"తెలీదు. నోట్లోంచి వచ్చేసింది."

అత్తగారు ఆమెను ఎగాదిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేది.

"నోట్లోంచి రాలేదమ్మా," అంది మెల్లగా. "దానికి గుర్తుండకపోతే బాగుణ్ణు."

మర్నాడు పొద్దుటికి బీపీ అదుపులోకి వచ్చింది. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచి చూడాలి, మందులు మానకూడదు, కానీ గండం గట్టెక్కినట్టే అంది డాక్టరమ్మ. మరిది ఆ మాట విని, సగమే గీసుకున్న గడ్డంతో అప్పటిదాకా తిరుగుతున్నానని గుర్తొచ్చి, సిగ్గుపడి మంగలి షాపుకి పరిగెత్తాడు. బస్సు దిగిన భర్త రాత్రంతా బెంచీ మీద కూర్చుని, నిజంగానే ఎవరు లేపినా లేవకుండా నిద్రపోతున్నాడు. అత్తగారు అతనికి దుప్పటి కప్పి, టీ తేవడానికి వెళ్ళింది.

లోపల చిన్నకోడలు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహంలో వాపు ఇంకా ఉంది గాని చూపు తేటపడింది. పెద్దకోడలు పాపని ఆమె చేతుల్లో పెట్టి, తల పట్టుకోవడం ఎలాగో చూపించింది. పాప ఒకటి రెండుసార్లు జారి, మూడోసారి గట్టిగా నోటితో అందుకుంది.

"అక్కా, లాగుతోంది!"

"లాగదా మరి? ఇన్నాళ్ళ ఆకలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. చాన్నాళ్ళకి కలిసి నవ్వారు. నిన్నటిదంతా ఆ నవ్వుతో కొట్టుకుపోతుందేమోనని పెద్దకోడలికి కాసేపు ఆశ కలిగింది.

"నిన్న నేను చాలా అన్నాను మిమ్మల్ని. పొద్దున తలుపు వేసుకునే ముందు."

"తల పగిలిపోతుంటే ఎవరైనా అంటారు."

"సాయంత్రం కూడా ఏమన్నా మాట్లాడానా?"

పెద్దకోడలు ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకుంది. "ఆ మందుకి అందరూ ఏదో ఒకటి మాట్లాడతారు. నాకు గుర్తులేదు."

చిన్నకోడలు పాప నెత్తి మీది మెత్తటి జుట్టు వేలితో దువ్వింది. పాప గుటకలు వినిపిస్తున్నాయి.

"నాకు గుర్తుంది," అంది.

పెద్దకోడలు గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"పాపని పెంచుకుంటానన్నారు."

"నీ మనసు కుదుటపడుతుందని…"

"అందుకే అని ఉంటారు. అవును." ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే భయంగా ఉంది. "కానీ అక్కా, నేను మాట పూర్తి చెయ్యలేదు."

"'మా అక్కకి' అని, నా గురించేగా…"

"మా అమ్మకి ఇవ్వండి అనబోయాను."

వార్డులో చప్పుళ్ళన్నీ ఒక్కసారి దూరమైపోయినట్టనిపించింది పెద్దకోడలికి.

"మీరు అంత తొందరగా అనేసరికి మిగతాది మింగేశాను. మీ మొహం చూశాను. అలాంటి మొహం మీకుందని నాకు తెలీదు. తర్వాత నిద్ర పట్టేసింది, మీరనుకున్నట్టు. కానీ మధ్యమధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా అదే గుర్తొచ్చింది." చిన్నకోడలు పాపని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. లాక్కోలేదు, జరుపుకుంది అంతే. "నన్ను బతికించింది మీరే. అది నాకు తెలుసు. అందుకే ఏమనుకోవాలో తెలీడం లేదు."

గుమ్మం దగ్గర టీ గ్లాసులతో వచ్చిన అత్తగారు లోపలికి అడుగు పెట్టబోయి ఆగింది.

"మా అమ్మ ఫోన్ చేసింది," అంది చిన్నకోడలు. "కర్ర పట్టుకునైనా రేపు వస్తుందట. డాక్టరు వదలగానే నన్నూ పాపనీ వాళ్ళింటికి తీసుకెళ్తానంటోంది. ఆయన్ని అడిగితే నీ ఇష్టం అంటాడు. అత్తయ్య మీ మొహం చూస్తుంది." తలెత్తి నేరుగా చూసింది. "మీరు చెప్పండక్కా. వెళ్ళనా, ఉండనా?"

పెద్దకోడలు నోరు తెరిచింది. నర్సుగా చెప్పాల్సిన జవాబు ఒకటుంది. తోడికోడలిగా చెప్పాల్సింది ఒకటుంది. వాటి కంటే ముందు నాలుక చివరికి వచ్చి నిలబడిన మాట ఇంకొకటి ఉంది. నిన్న సాయంత్రం లాగే అది కూడా ఎవరినీ అడగకుండా వచ్చింది.

ఈసారి పళ్ళు బిగించి ఆపింది.